వెనక రాసిన చిల్లర

ఆదోని డిపోలో పదకొండేండ్లు
టికెట్టు వెనక బాకీ చిల్లర రాసి
సున్న చుట్టి ఇచ్చిన చెయ్యి ఇది.
ఒకనాడు ఎమ్మిగనూరు దాటినాక
మూడు అని రాయబోతే
అంకె వంకర తిరిగి పాముపిల్ల అయింది.
ముసలాయన నవ్వినాడు, "ఏం తల్లీ, నిద్ర సాల్లేదా?"

కర్నూలు పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు
సుత్తితో మోకాలు తట్టి, నాలుక బయటపెట్టమని,
ఫ్యాను వంక చూస్తా ఇంగ్లీషులో చెప్పినాడు.
దస్తగిరి తలూపినాడు, అర్థమైనట్టు.
తిరుగు బస్సులో నా పక్కనుంచే
ఎవరో కొత్త పిల్ల టికెట్లు కొట్టుకుంటా పోయింది.
రెండేండ్లంట. శానా అయితే మూడు.
కోడుమూరు కాడ జొన్నచేలు ఎంత పచ్చగా ఉన్యాయో,
అదొకటే గుర్తు.

ఇంగ పిల్లోళ్లను పెంచాల.
చేతుల్లేకుండా.

షాకిరాకు పన్నెండు.
రొట్టె తట్టేది నోటితో నేర్పించినా.
నీళ్లు మసలనీ. పిండి నడుమ గుంత చెయ్యి.
అరచెయ్యి కాదు మే, వేళ్ల కొసలు.
మొదటి రొట్టె పెనం మీదికి పోకముందే మూడు ముక్కలు.
ఏడ్చింది.
కండ్లు తుడవాలనే తలపు
నా భుజం దాకా వచ్చి, ఆడ ఆగిపోయింది.

ఇప్పుడు నాలుక కూడా బరువెక్కింది.
నా మాట అత్తకు తెలీదు, దస్తగిరికి సగం.
ఏడేండ్ల మాబుకు మొత్తం.
తెలుగూ కన్నడమూ ఉర్దూ కొట్లాడుకునే బస్సులో
నేను నిలబడినట్టే
వాడు నా మంచం పక్కన నిలబడి
అందరికీ చెప్తాడు.

మొన్న ఒక్కో అక్షరాన్నీ ఈడ్చుకుంటా అన్నా,
"ఎక్కాలు అప్పజెప్పించుకో. ఆటకు పంపొద్దు."
"ఏమంటాందిరా మీయమ్మ?"
మాబు రెప్ప కూడా వెయ్యలేదు.
"ఆడుకోని రాపో అంటాంది నాయనా.
పది రూపాయలు ఇయ్యమంటాంది."

నవ్వొచ్చింది.
ఈ రోగంలో నవ్వొస్తే నిలవదు.
బ్రేకులు పోయిన బండి మాదిరి
ఏడుపులోకి దిగి, మళ్లా నవ్వులోకి ఎక్కుతుంది.
దస్తగిరి బెదిరి వీపు నిమురుతున్నాడు.
వాడు గడపలో నిలబడి నన్నే చూస్తున్నాడు,
చెకింగులో దొరికిన టికెట్టు లేనోని లెక్క.
కండ్లతో అన్నా: పో.
అదొక్కటి మాత్రం ఉన్నదున్నట్టు విన్యాడు దొంగనాకొడుకు.

వీనికేం, బతుకుతాడు.
షాకిరాను తలుచుకుంటేనే గుబులు.
అబద్ధమాడడం రాదు దానికి.
నడిరేయి నన్ను పక్కకు తిప్పి, మూతి తుడిచి,
గుడ్డ నాలుగు మడతలు పెట్టి,
"నాకు నిద్ర రాలేదులేమా" అంటుంది.
వచ్చిన అబద్ధం అదొకటే.

బిడ్డలారా, బస్సు కర్నూలు చేరకముందే
దిగిపోతున్న కండక్టరును నేను.
మీకియ్యాల్సింది శానా ఉంది.
మాబు మొదటిసారి గడ్డం గీసుకుని తెగ్గోసుకున్న పొద్దు
ఎగతాళి చెయ్యాల్సింది నేను.
షాకిరా మీద ఒక్కసారన్నా గట్టిగా అరవాల,
అది తిరిగి నామీద అరవాల, తలుపు ధబీమని వెయ్యాల.
అన్నీ బాకీలే.

రాత్రి పెన్ను వేళ్ల నడుమ పెట్టమన్నా.
మూడు రాసినా.
మళ్లా పాముపిల్లే.
షాకిరా చాలాసేపు చూసింది.
ఏమీ అడగలేదు.
నా వేళ్ల మీద తన వేళ్లు వేసి
చుట్టూ సున్న చుట్టింది.