చప్పిడి గిన్నె

ఈ ఊళ్ళో కారం డబ్బా ముట్టుకోకుండా
పొయ్యి వెలిగించటం నాకే కొత్త.
యార్డులో తొడిమలు తీసొచ్చిన చేతులు
సబ్బుతో ఒకసారి, చింతపండు పిప్పితో ఒకసారి,
కొబ్బరినూనె పట్టించి మళ్ళీ ఒకసారి.
అప్పటికీ టిక్కీ వాసన చూసి
రెండు తుమ్ములు తుమ్మిద్ది,
ఇంకా పోలేదని చెప్పినట్టు.

మిరపకాయల టిక్కీల సందులో
కళ్ళు తెరవని కూనగా దొరికింది,
అందుకే ఆ పేరు.
మొదట్లో మేం తిన్నదే దానికీ:
గోంగూర కలిపిన అన్నం, చేపల పులుసు అడుగు.
ఎర్రటి మెతుకులు మింగి
నీళ్ళ తొట్టికాడికి పరిగెత్తేది.
పోయిన ఎండాకాలం వీపంతా బొచ్చు రాలింది.
పశువుల ఆసుపత్రి కాంపౌండరు
కళ్ళజోడు పైకి నెట్టి,
"ఉల్లిపాయ వద్దు, వెల్లుల్లి వద్దు, ఉప్పు వద్దు.
కారం సంగతి నేను చెప్పాలా?
గుంటూరు కుక్కకి చెప్పినా వినదనుకో" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలా.
సంచుల్లో అమ్మే మేత ధర అడిగా.
నా మూడు రోజుల కూలి.
చప్పుడు చెయ్యకుండా లేచొచ్చా.

ఇప్పుడు రైతుబజారు కట్టేసే వేళకి పోతా.
ఖాసింబీ పక్కకి తీసి పెట్టిద్ది:
ముక్కు విరిగిన క్యారెట్లు, ముదురు బీన్సు,
ఒక పక్క కమిలిన సొరకాయ,
ఎవరూ అడగని గుమ్మడి చెక్క.
"ఎవరికి వదినా విందు?"
"చుట్టాలొచ్చారు."
"ఎన్ని కాళ్ళ చుట్టాలు?"
పది రూపాయలు. ఒక్కోసారి అదీ తీసుకోదు.

రేషను బియ్యంలో చెరిగిన నూకలు,
గుప్పెడు పెసరపప్పు, చిటికెడు పసుపు.
అంతే, ఇంకేం లేదు.
గుమ్మడికాయ ఉడికే వాసన ఎట్టా ఉంటదో
నలభై ఆరేళ్ళకి తెలిసింది నాకు.
ఎప్పుడూ దానికంటే ముందు తాలింపు లేచేది.

మా ఏసోబు గడపలో బీడీ కాల్చుకుంటా
"కుక్కకి వంటేందే, పిచ్చా" అంటాడు.
ఇరవై ఏళ్ళు టిక్కీలు మోసిన భుజం.
కడుపులో పుండన్నారు పెద్దాసుపత్రిలో,
కారం మానెయ్యమన్నారు.
"చప్పిడి కూడు తింటే ముఠాలో నవ్విపోతారు" అని
ముద్ద ముద్దకీ పచ్చడి నంజుకుంటాడు.
రాత్రిళ్ళు మోకాళ్ళు పొట్టకి అదుముకుని
గోడవైపు తిరిగి
నిద్రపోయినట్టు పడుకుంటాడు.
నేనూ నిద్రపోయినట్టే.

టిక్కీకి సగం రాత్రి పెట్టి
సగం పొద్దుటికి మూతపెట్టి ఉంచుతా.
మొన్న మంగళవారం తెల్లారి చూస్తే
గిన్నెలో ఒక పక్క గుంట.
కుక్క మూత తీయగలదేమో గానీ
మళ్ళీ పెట్టలేదు.
గరిటె కడిగి బోర్లించనూ లేదు.
గట్టు మీద నాలుగు ఉప్పు పలుకులు.
టిక్కీ పోయి
నిద్రలో ఉన్న ఆయన మీసం వాసన చూసింది.
తుమ్మలా.

నేనేం అడగలా, ఆయనేం చెప్పలా.
అన్నం కాడ మాత్రం మామూలే,
"ఇంకొంచెం పచ్చడెయ్యి" అని
పక్కింటోళ్ళకి వినపడేట్టు అరిచి
కంచం అంచున అట్టానే వదిలేస్తున్నాడు.

నూకలు ఇంకో అరసోల ఎక్కువ పోస్తున్నా.
దాని వాటా ముందే తీసి,
మిగిలిన గిన్నె పక్కన
ఉప్పు డబ్బా మూత వదులుచేసి పెడుతున్నా.

నిన్న ఖాసింబీ అడిగింది,
"పెద్ద చెక్క కావాలా? చుట్టాలు పెరిగారా?"
"పెరగలా. ఉన్న చుట్టానికే ఆకలేస్తోంది" అన్నా.
నా మొహంలోకి ఒకసారి చూసి
సంచిలో ఇంకో సొరకాయ వేసింది,
లేతది.
డబ్బులు మాత్రం తీసుకుంది ఈసారి.