మాయ్

కొనడమన్నా మాయే
అమ్మడమన్నా మాయే
అని మొదటిరోజే చెప్పాడు దుబాసీ కుర్రాడు
కాలింపాంగ్ నించి వచ్చినవాడు
తేజ ఘాటుకి ముక్కు చీదుకుంటూ.
"ఇట్టాంటి మాటతో మన యార్డులో బేరం చేస్తే
సాయంత్రానికి రెండు తలకాయలు పగుల్తాయి నాయనా" అన్నాను.
వాడు నవ్వి
గొంతుని ఒకసారి ఊయలూపాడు
ఒకసారి కిందికి వదిలేశాడు.
నాకు రెండూ ఒకటే
చెవిలో మిరపగింజ పడ్డట్టు.

ఇరవైరెండేళ్ల కాటా గుమాస్తాని.
టిక్కీ చూసి బరువు చెప్తాను
కాయ విరిచి తేమ చెప్తాను
రైతు మొహం చూసి అప్పెంతో చెప్తాను.
యాభై దాటాక
ముల్లు చూపించని బరువొకటి
నాలుక మీద తూయాల్సి వచ్చింది.

పొద్దున్నే ఏటుకూరు రోడ్డులో
బండి మీద మాయ్ మాయ్ అనుకుంటూ పోతుంటే
సిగ్నల్ దగ్గర ఆటోవాడు అడిగాడు
"ఎవరి మాయలో పడ్డావు బాబాయ్?"

రాసుకుందామంటే అక్షరాలు చాల్లేదు.
సున్నాలున్నాయి, దీర్ఘాలున్నాయి
గొంతు వంపుకి గుర్తేదీ?
తీరా పాఠం చెప్పింది హమాలీ మస్తాన్‌వలి.
చెప్పలేదు, మోశాడు.
మోకాళ్లు వంచి కిందికి దిగి
టిక్కీ కింద వీపు దూర్చి
మూలుగుతూ లేచాడు.
ఇదిగో, కొనడం.
నాలుగడుగులు నడిచి
కాటా మీద ధబ్బున పడేశాడు.
అదిగో, అమ్మడం.
ఆ రోజే చిత్తుపుస్తకంలో
కొనే మాట నెత్తిన తలకట్టు పెట్టుకున్నాను
పలక మీద వేలుపట్టి దిద్దించిన ఆ తలకట్టే
కిందికి దిగి పైకి లేచేది.
అమ్మే మాటకి ఒంటిగీత
వీపు మీంచి బస్తా జారినట్టు.

ఫిబ్రవరిలో వచ్చింది ఫాంగు గారు
మాస్కు మీద మాస్కు, భుజాన చిన్న గుడ్డసంచి.
"మీరు కొంటారా?" అందామని నోరు తెరిచాను
"మీరు అమ్ముతారా?" అని జారింది.
ఆవిడ చుట్టూ చూసింది.
కళ్లు ఆనినంత మేరా ఎర్రటి గుట్టలు
అన్నీ మావే.
సంచి విప్పి గబగబా వెతికి
ఒక అల్లం బిళ్ల తీసి నా ముందు పెట్టి
ఎంతిస్తావన్నట్టు చెయ్యి చాచింది.
జేబులోంచి రూపాయి తీసిచ్చాను.
షెడ్డు షెడ్డంతా నవ్వింది
తుమ్ములతో కలిపి.
నా చెవులు బాడిగ రంగుకి తిరిగాయి.

తర్వాత ఆవిడ వంతు.
బ్రహ్మయ్య అనబోయి బులా దగ్గర ఆగి
మళ్లీ మొదలుపెట్టి
మాయా దగ్గర కూలబడింది.
నా పేరులో ఇన్ని ఒత్తులున్నాయని
ఇంకొకరి నోట్లో విరిగాకే తెలిసింది.

ఆ సాయంత్రం లోడు ఆలస్యమైంది.
రావడం లేటవుద్దని ఫోన్ చేస్తే
కోటిరత్నం "సరే" అంది.
ముప్పై ఏళ్లుగా వింటున్న సరే.
ఈసారి చెవి ఒగ్గి విన్నాను.
పైనించి కిందికి పడిందది
ఒంటిగీత.
అంటే సరే కాదు.

నల్లపాడు గేటు దగ్గర గూడ్సుబండి పోయేదాకా
వేళ్లమీద లెక్కేశాను:
పిల్ల అడిగితే సాగే సరే ఒకటి
నా అబద్ధం దగ్గర పైకి లేచే సరే ఒకటి
ఈ తెగిపడేది ఒకటి.
ఇంకోటి కూడా ఉండాలి
ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు.
ఊరికాని ఊరు మాటకి
ఆర్నెల్లు చెవి తోముకున్నాను.
వంటింటి గుమ్మం దగ్గర మాత్రం
చెప్పులతో పాటే చెవులూ విడిచేవాణ్ణి.

రాత్రి అన్నం ముందు పుస్తకం తీశాను.
"సరే అను."
"ఏంటీ?"
"ఊరికే. ఒకసారి సరే అను."
చారు గరిటె గాల్లో ఆపి చూసింది
పిచ్చి పట్టిందా అన్నట్టు.
చొక్కా మీది మిరప పొడి చూసింది.
"సరే" అంది.
గొంతు దిగింది
దిగిన చోట కాసేపు ఆగింది
ఆ తర్వాత మెల్లగా లేచింది.

తలకట్టు పెట్టుకున్నాను.