తడబాటు

గ్రోనింగెన్ లాబ్‌లో
సిలికాన్ బృహద్ధమని బల్లమీద కొట్టుకుంటోంది.
లోపల నెత్తురు కాదు, గ్లిజరిన్ కలిపిన నీళ్లు.
హిల్ట్యె లెక్కలో గుండె ఒక పంపు,
ధమని సాగే గొట్టం,
ఒత్తిడిని ప్రవాహంతో భాగిస్తే అడ్డంకి.

ఆ వంపు సొంతదారు
చూసిపోదామని వచ్చాడు.
వీబ్రెన్, నలభై ఏళ్లు
సముద్రం కన్నా పల్లపు పొలాల్లో నీళ్లు తోడినవాడు.
టోపీ తీసి చెవి ఆనించాడు,
పాత మోటారుకి ఆనించినట్టే.

"కవాటం బాగానే మూసుకుంటోంది.
కానీ అమ్మాయీ, ఇది మరీ బుద్ధిగా ఉందే!
ఒక్క దెబ్బా ముందూ వెనకా కాదేం?
మెట్లెక్కితే నాది తిడుతుంది,
ఊపిరి వదిలితే నిదానిస్తుంది."

అతను వెళ్లాక
సమీకరణం చివర ఆమె
చిటికెడు తడబాటు కలిపింది.
పక్కన గ్లాసులో చల్లారిన టీ
ఈసారి ఒకేలా వణకలేదు.