రెండో బల్ల బేరం

చీమకుర్తి నల్లరాతి పలకలో
బంగారు చుక్కల్ని తియ్యబోతే
నా బుల్లి కెమెరాకి చిక్కేది
దాని ఫ్లాష్ మొహమే.

ఒంగోలు కొట్లో కాలేషా
బల్ల మీద రెండు పెట్టాడు.
కొత్తది, మెగాపిక్సెళ్ళు బస్తాడు.
రెండోది ఎవరో వాడి అమ్ముకున్నది,
పట్టు దగ్గర రబ్బరు అరిగింది.

"లెక్కలు తర్వాత. ముందు పట్టుకో అబ్బాయా."

కొత్తదాని కింద నా చిటికెన వేలు
గాల్లో ఉండిపోయింది.
పాతదాంట్లో అయిదు వేళ్ళకీ చోటు,
ఎవరిదో చెయ్యి కాస్త జరిగి
కూర్చోమన్నట్టు.

కన్నానించి నొక్కా.
టక్‌మని లోపల అద్దం లేచి పడింది.
ఆ రెప్పపాటు నాకే ఏమీ కనపళ్ళేదు.

మిగిలిన నాలుగు వేలూ లెన్సుకే పోయినై.
మర్నాడు క్వారీ యార్డులో
ఫ్లాష్ ఆపి తీశా.
చుక్కలన్నీ వచ్చినై,
వాటికి అడ్డంగా, ఒక కన్ను మూసుకుని,
నేనూ.