ఉప్పు చదువుకోలేదు

సముద్రం లేని ఊళ్ళె
సముద్రానికి పనికొచ్చే పటకారు కొందామని
రాణీగంజ్‌కు వచ్చిన.

పాతది జేబులనే ఉంది.
రెండు చేతులతో గుంజినా నోరు తెరవదు.
పదకొండేండ్లు లిఫ్టుల షాఫ్టుల్ల నాతో వేలాడింది,
మియాపూర్ నుంచి మలక్‌పేట దాకా
ఎన్ని తీగలు కొరికిందో లెక్క లేదు.
సూర్యలంకల మూడు ఆదివారాలు,
అంతే, దవడ పట్టేసింది.

ఆ మూడో ఆదివారమే
ఎల్లేష్ బొటనవేల్ల గాలం దిగింది.
జెల్ల ఒక్క గుంజు గుంజింది, అంతే.
కొక్కెం వెనక్కి రాదు,
ముందుకు తోసి ముల్లు కత్తిరించాలె.
అది నాకు తెలుసు.
నా చేతిల ఉన్నదానికి తెల్వదు.
బాపట్ల దవాఖాన దాకా ఆటోల
వేలు జెండాలెక్క పైకెత్తి కూసున్నడు,
చేపల సంచి మాత్రం ఇడవలే.

"సముందర్ కా పక్కడ్?"
హకీముద్దీన్ సేఠ్ నవ్వలే.
బంగారు అంచు టోపీ సర్దుకొని
బల్ల మీద పరిచిండు:
మెరిసేది, ఇంకా మెరిసేది, ఎర్రపిడిది.
నేను అయస్కాంతం తీసిన,
అతుక్కుంటే తుప్పు పడ్తదని ఎవరో చెప్పిన్రు.
పెళ్ళిచూపులల్ల తిక్క ప్రశ్న అడిగినోణ్ణి చూసినట్టు
చూసిండు సేఠ్.
"బాగా కోసే ఉక్కు ఏదైనా దానికి అంటుకుంటది మియా.
అడగాల్సింది అది కాదు."

గల్లా కిందికెల్లి ఊరగాయ జాడీ తీసిండు.
తొక్కు లేదు లోపల. ఉప్పునీళ్ళు.
హజ్‌కు పోతూ విమానం కిటికీలకెల్లి
ఒక్కసారే చూసిండట సముద్రాన్ని.
"డబ్బా మీద కంపెనీవాడు ఏమైనా రాస్తడు.
ఉప్పు చదువుకోలేదు."
పొద్దున ముంచుడు, రాత్రి ఆరబెట్టుడు,
ఎనిమిది నెలల సంది ఇదే పని.

చెక్క గరిటెతో ఒక్కొక్కటి పైకి తెచ్చిండు.
మొదటిది కరిగిన బెల్లం.
రెండోది ఒళ్ళంత శుభ్రం,
కీలు కాడ మాత్రం సన్నటి గోధుమ చార.
"దవడ మంచిదే, పిడి మంచిదే,
నడుమ మేకు చవకది.
ఒరుసుకునే చోటనే మొదలైతది,
కన్ను పోని చోట."
మూడోది టిటానియం.
ధర విని, నిద్రపోయిన పసిపిల్లను దించినట్టు
మెల్లగ బల్ల మీద పండబెట్టిన.

నాలుగోది బూడిదరంగు, తేలిక,
స్క్రూ తిప్పితే ఊడొచ్చే దవడలు.
నా దగ్గరున్న అల్లిక దారం ముక్క ఇచ్చిన.
మొండి అంచు కింద నలుగుతది గని తెగదు ఆ దారం.
టక్.
ఇంకోసారి అడిగిన, ఊరికే, ఆ చప్పుడు కోసం.
టక్.

వంద తగ్గించి, నడుముకు కట్టుకునే తాడు ఊరికే ఇచ్చిండు.
"నీళ్ళల్ల పడితే నన్ను తిట్టొద్దు" అన్నడు.
"ఇంటికొచ్చినంక మంజీర నీళ్ళతో కడుగు,
అన్నం కంటే ముందు. కీలుకు ఒక్క చుక్క నూనె.
కడగనోడికి టిటానియం అమ్మినా దండగే."

పాతదాన్ని అడగకుండనే గుంజుకొని
కిరసనాయిలు డబ్బల వేసిండు.
"బుధవారం రా, నోరు తెరుస్తది.
లిఫ్టులకు సరిపోతది."

బస్సుల, ఇల్లొచ్చే దాకా
తెరుస్తూ మూస్తూ కూసున్న.
పక్కనున్న ఆమె సంచి దగ్గరకు గుంజుకుంది.
పిడి మీద నా అరచేతి చెమట.
రుమాలు తీసి తుడిచిన,
కీలు కాడ మల్లొకసారి.