అరువు మైక్రోస్కోపులు

తెల్లారుజామున డోన్ నుంచి ఆటో వచ్చింది.
పాత చీరల్లో చుట్టిన పదకొండు మైక్రోస్కోపులు,
బాలింతల మాదిరి చెవులు కప్పుకుని.
మాబుసాబు ఒక్కొక్కదాన్నీ చంకనేసుకుని దించినాడు.
"పైలం, ఎల్లుండి ఇవి ఆలూరికి పోవాల"
అని డ్రైవరు చెప్పిపోయినాడు.

రేపు కమిటీ.
పత్తికొండలో, టమోటా మండీ వెనక,
అద్దె మేడలో మా డిగ్రీ కాలేజీ.
పంతొమ్మిదేండ్లుగా స్కాలర్‌షిప్పుల గుమాస్తాను నేను.
పిల్లల అర్హత నాకు నోటికి వచ్చు:
రేషన్ కార్డు, ఆదాయం, హాజరు శాతం,
కరెంటు బిల్లు, మాగాణి ఎంత, మెట్ట ఎంత.
కాలేజీకి కూడా ఒక అర్హత ఉంటాదని
పిల్లలకు ఎవరూ చెప్పరు.
గుర్తింపు రెన్యువల్ కాకపోతే
జాబితాలో మా పేరుండదు.
మా పేరు లేకపోతే
వాళ్లు ఎంత పేదవాళ్లయినా
ఆ పేదరికం చెల్లదు.

గది ఇన్ని అడుగులుండాల.
నేను టేపు పడితే నాలుగంగుళాలు తక్కువొచ్చింది.
"సున్నం మీద కాదప్పా, ఇటుక కాడి నుంచి కొలువు"
అన్నాడు ప్రిన్సిపాల్ గిడ్డయ్య సారు.
లైబ్రరీలో రెండువేల పుస్తకాలుండాల.
చెదలు సగం తిన్నదాన్ని పుస్తకమనాల్నా వద్దా
అని మాబుసాబు అడిగితే
అట్ట ఉందా, అన్నా.
ఉంది. లెక్కలోకి వచ్చింది.
చక్రాల కుర్చీ కోసం వాకిట్లో వాలుబాట పోసినారు.
సిమెంటు ఆరకముందే కుక్క నడిచింది,
నాలుగు కాళ్లతో, చాలా శ్రద్ధగా.
ఇంతవరకు ఆ బాటను వాడింది అదొక్కటే.

సాయంత్రం ఉరుకుందమ్మ వచ్చింది,
ఆదాయ పత్రం పైటకొంగులో చుట్టుకుని.
జొన్నగిరి పక్క పల్లె. సెకండియర్, జీవశాస్త్రం.
తొలకరి పడితే వాళ్లమ్మ
ఎర్రచేలల్లో నడుం వంచి వజ్రాలకు వెతుకుతాది.
"వజ్రం దొరికితే ఆదాయంలో రాయాల్నా సార్?"
దొరికిందా?
"మా యమ్మకు ఇరవై ఏండ్లలో రెండు దొరికినాయి.
రెండూ గాజుపెంకులే."
నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆపి,
"నాకు వస్తాదా సార్, ఈసారి?"

నీకన్నీ ఉన్నాయమ్మా, అన్నా.
మాకున్నాయో లేదో రేపు చూస్తారు.

ఆ మాట ఆమెకు అర్థం కాలేదు. లేదా అయ్యింది.
ల్యాబులోకి వచ్చి మైక్రోస్కోపుల గుడ్డలు విప్పి
మడతేసి పెట్టింది.
కాసేపటికి మాబుసాబు సద్దిలోంచి
ఉల్లిగడ్డ ముక్క ఒకటి అడుక్కుని
పొర ఒలిచి, గాజుపలక మీద పరిచి,
నేను అర్జీలు కొట్టేసే ఎర్రసిరా
ఒక్క చుక్క వేసి,
ఒక కన్ను మూసింది.
చాలాసేపు మూసే ఉంచింది.

"రెండేండ్లుగా రికార్డులో బొమ్మ వేస్తానే ఉండా సార్.
ఈ పొద్దు చూసినా."

నన్నూ చూడమంది.
ఒకదానికొకటి ఆనుకుని గదులు, గదులు.
గది గదిలో ఎర్రటి చుక్క.
ఏ గదీ ఇంకో గదంత లేదు.
అక్కడ టేపు పెట్టేవాళ్లెవరూ లేరు.
యాభై మూడేండ్లుగా తింటాండా ఉల్లిగడ్డ,
దాని ఇల్లు ఇప్పుడు చూస్తాండా.

కమిటీ వచ్చింది. ముగ్గురు.
కొలిచినారు, లెక్కపెట్టినారు, ఉగ్గాని బజ్జీ తిన్నారు.
మైక్రోస్కోపుల ముందు నిలబడి ఒకాయన
"వీటిని ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు.
గిడ్డయ్య సారు నీళ్లు తాగినాడు.

ఫలితం ఇంకా రాలేదు.
కంప్యూటరు తెరిస్తే మా పేరు పక్కన
పరిశీలనలో ఉంది అంటాది, రోజూ.
ఉరుకుందమ్మ నా కిటికీ ముందు నుంచే పోతాది.
అడగదు.

ఆటో ఆలూరికి పోయింది.
ల్యాబు ఊడుస్తుంటే బల్ల కింద దొరికింది
ఆ గాజుపలక, ఉల్లిపొర ఎండి, ఎర్రగా.
"డోన్‌వాళ్లది సార్" అన్నాడు మాబుసాబు.
డోన్‌వాళ్లదే. పంపాల. రూల్సు నాకు తెలుసు.

స్టాకు రిజిస్టరు తీసి
కాలేజీ సొంతం అన్న కాలమ్ కింద
గాజుపలక, ఒకటి
అని రాసినా.