నలభై రెండు రొట్టెలు

మా ఊళ్ళో ఎవరింట్లో అడుగుపెట్టినా
మొదట చూసేది వాళ్ళ మొహం కాదు,
పైకప్పుకు వేలాడే దీపాన్ని.
అది నిలకడగా ఉంటే కూర్చుంటాం.
ఊగితే గుమ్మంలోకి జరుగుతాం,
మాట మాత్రం ఆపం.
చిలీ తీరంలో పుట్టినవాళ్ళం.
కాళ్ళ కింద నేల కదలడం
మాకు మాటవరసకి అనే మాట కాదు.

కలేటా పార్దా మునిసిపాలిటీలో సైరన్ నా ఉద్యోగం.
నెలలో మొదటి బుధవారం పన్నెండింటికి మోగిస్తాను,
ఊరు గడియారాలు సరిచేసుకుంటుంది.
మిగతా రోజులు
దాని గొంతులో ఉప్పు పేరుకోకుండా తుడుస్తాను.

ఆ వారమంతా ఊరు నిప్పుల మీద ఉంది.
శుక్రవారం సముద్రం లేచి వస్తుందని
ఎవరి మేనల్లుడో ఎవరికో ఫోన్ చేశాడట.
పడమటి రేవులో చేపలు వెల్లకిలా తేలాయట.
కుక్కలు తిండి మానేశాయని కొందరు,
మా కుక్క మానలేదే అని దిగులుతో కొందరు.
గుమ్మాల పక్క సంచులు వెలిశాయి:
ఇన్సులిన్, ఇంటి పత్రాలు,
పోయినవాళ్ళ ఫోటోలు.
మూడో తరగతి మాయ్తే
మంచం పక్కన గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని
నీటి మీద వలయం లేస్తుందేమోనని
కళ్ళు మూయకుండా కాపలా కాసింది.

శుక్రవారం ఇంకా తెల్లవారలేదు.
రెండూ పదికి, ఎవరూ నొక్కకుండానే,
తనంత తనే లేచి ఏడ్చింది సైరన్.
నేను తుడిచింది చాల్లేదు.

ఆ రాత్రి ఒక్క దీపమూ ఊగలేదు.
ఒక్కరూ తలెత్తి చూడలేదు.

ఊరికి ఊరు కొండెక్కింది,
ఎవరి చెప్పులు ఎవరి కాళ్ళకో.
ఒకావిడ చేతిలో టీవీ రిమోట్,
ఒకాయన భుజం మీద పక్కింటి బిడ్డ.
మాయ్తే గ్లాసు కొండ మీదికీ తెచ్చింది
ఒక్క చుక్క ఒలకకుండా.
ముసలి ఓనోఫ్రే మాత్రం
గడపలో కుర్చీ వేసుకున్నాడు:
"అరవైలో మా అమ్మని పట్టుకుపోయింది.
నాతో ఏమైనా చెప్పుకోవాలనుంటే
ఇక్కడికే రానీ."

వైరు పీకేసి,
పొరపాటు, పొరపాటు అని
మైకు పట్టుకుని గొంతు పోయేలా అరిచాను.
వస్తుందని నమ్మించడానికి ఒక్క కూత చాలింది,
రాదని నమ్మించడానికి తెల్లారిపోయింది.
కొండ మీద ఎనిమిది వందల మంది
ఒకే చీకటిలోకి చూస్తూ నిలబడ్డారట.
సముద్రం రాలేదు,
నిద్రలో ఇటునుంచి అటు ఒత్తిగిల్లింది, అంతే.

దిగి వచ్చేసరికి ఊరంతా మాడు వాసన.

ఎదువినా బట్టీ ఆర్పకుండా పరిగెత్తిందట.
ఎనిమిదింటికి నా బల్ల మీద గంప బోర్లించింది,
ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.
నలభై రెండు.
"వీటి డబ్బులెవరిస్తారు? సముద్రమా?"
నేనే ఇచ్చాను.
చిల్లర రెండుసార్లు ఎంచుకుని,
గంపలో వెతికి ఒక రొట్టె విరిచింది.
"దీని కడుపు ఇంకా తెల్లగా ఉంది, తిను.
రాత్రంతా అరిచావు."

రొట్టెల దుకాణం ముందు వరుసలో
నా వీపుకి వినబడేలా అనుకున్నారు:
ఇంకోసారి మోగితే
దుప్పటి ముసుగు తీసేది లేదని.
ఓనోఫ్రే నాకు కన్నుగీటాడు.
ఆ నవ్వు కంటే తిట్లే నయమనిపించింది.

మొదటి బుధవారం వచ్చింది.
పన్నెండుకి ఐదు నిమిషాలు.
మీట మీద వేలు పెట్టి కిటికీలోంచి చూస్తున్నాను.
వీధికి అవతల, పిండి చేతులతో ఎదువినా.
"ఇవాళ్టిది ఉత్తుత్తిదేగా?"
"ఉత్తుత్తిదే."
"సరే."

లోపలికెళ్ళింది.
బట్టీ ఆర్పింది.
మెట్టు మీద కూర్చుని బూట్ల లేసులు
రెండేసి ముళ్ళు వేసుకుంది.
లేచి, కొండ దారి వైపు ఒకసారి చూసి,
నా వైపు తలూపింది.

"ఊఁ, మోగించు."